వదిన వంతు పది కిలోలు

ఫిబ్రవరి 11, ఆదివారం. కోత పండుగ. ఉన్నవాళ్లు: నేను, నా భార్య, మా వదిన, వదిన మనవరాలు. చర్చి ఆవరణలో ఇంకా చాలా జనం ఉన్నారు గానీ, ఈ సంగతి జరిగిన చోట మాత్రం మేం నలుగురమే. ఐదోది దాల్చా వండిన పెద్ద గిన్నె, మా వైపు మాటలో గంజు. దాన్ని కూడా ఆ వరుసలోనే రాసుకున్నాను. ఆ రోజు మా మధ్య నడిచిన మాటంతా దాని గురించే.

ముందు తారీకు, తర్వాత ఉన్నవాళ్ల పట్టీ. ఇది నాకు ఉద్యోగంలో అంటిన అలవాటు. రోడ్ల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేశాను. ఏ కల్వర్టు దగ్గరికి పోయినా ఎవరెవరు వచ్చారో రాసుకున్నాకే టేపు బయటికి తీసేవాణ్ని. రిటైరైనాక కొలిచేందుకు కల్వర్టులు లేవు గానీ డైరీ మానలేదు. పెండ్లికి పోయినా హాజరు రాస్తవని నా భార్య ఎగతాళి చేస్తుంది. నిజమే, రాస్తాను.

మా నారాయణఖేడ్ చర్చిలో కోత పండుగ భోజనం చర్చి దగ్గర వండరు. ఏ గల్లీకి ఏది వంతు పడితే అది ఆ గల్లీలోనే పొయ్యి పెట్టి వండుతారు. ఒక గల్లీది బగారా అన్నం, ఒకరిది తీపి, మా గల్లీది సొరకాయ, మాంసం వేసి వండే పప్పు, దాల్చా. వండిన గంజును ఇద్దరు ఆడవాళ్లు మోత కర్రకు వేలాడదీసి, చెరో కొస భుజాన పెట్టుకొని చర్చి దాకా నడిచి వస్తారు. ఆటోలో తేవద్దని ఎక్కడా రాసి లేదు, కానీ ఎవరూ తేరు. ఎవరు మోసుకొస్తే వాళ్లే గరిటె పట్టి వడ్డిస్తారు. మోయనివాళ్లు గరిటె ముట్టరు.

మా దాల్చా గంజును ముప్పై ఏళ్లకు పైగా మోసింది ఇద్దరే. ఒకరు మా వదిన, అంటే మా అన్న భార్య. రెండోది నా భార్య. తోటికోడళ్లయినా ఒక తల్లి బిడ్డల్లాగా ఉంటారు, పోట్లాటతో సహా. వదిన గరిటె పడితే చూడాలి. ఎవరికి బొక్క ముక్క ఇష్టమో, ఎవరికి సొరకాయ ముక్క పడదో, ఎవరు అడగడానికి మొహమాటపడి ఆకలితో లేస్తారో అన్నీ ఆమెకు తెలుసు. అన్న పోయిన తర్వాత పండుగలకు కొత్త చీర కట్టడం మానేసింది గానీ, ఆ గరిటె మాత్రం ఒక్క ఏడు కూడా వదల్లేదు.

పోయిన వానాకాలంలో వాకిట్లో జారి కుడి భుజం మీద పడింది. ఎముక విరగలేదు. అయినా నొప్పి పోలేదు. దవాఖానలో డాక్టరు నాలుగైదు సార్లు చూసి, ఇక ఎప్పుడూ పది కిలోలకు మించి మోయొద్దని గట్టిగా చెప్పాడు. ఆ మాట చర్చి ఆడవాళ్ల చెవిన పడింది. పండుగ ముందు మంగళవారం జరిగిన మీటింగులో, పెద్దమ్మ ఈసారి కుర్చీలో కూచొని ఆశీర్వాదం ఇస్తే చాలు, గంజు మోయడానికి చిన్నవాళ్లను పెడదాం అన్నారట. మంచి మనసుతోనే అన్నారు. వదిన ఇంటికొచ్చి నా భార్యతో ఒకే మాట చెప్పింది, నన్ను కుర్చీల కూసోబెడితే నేను పండుగకే రాను అని. ఆ తర్వాత రెండు రోజులు గడప దాటి బయటికి రాలేదు. ఉట్టిగా బెదిరించే మనిషి కాదు. రానంటే రాదు.

గురువారం మధ్యాహ్నం ఆమె మనవరాలు ఫిజిక్సు పుస్తకం పట్టుకొని మా ఇంటికి వచ్చింది. ఇంటర్ మొదటి సంవత్సరం, పరీక్షలు దగ్గరపడ్డాయి. రెండు ఆధారాల మీద ఉన్న దూలం లెక్కలు ఆ పిల్లకు ఎక్కడం లేదు. మూడు మీటర్ల దూలం, ఒక కొస నుంచి మీటరు దూరంలో అరవై కిలోల బరువు, ఏ ఆధారం ఎంత మోస్తుంది అన్నది ప్రశ్న. రెండు ఆధారాలు కదా తాతా, చెరి ముప్పై అని రాసిన, తప్పంటుండు సారు అంది.

నేను నా ఉద్యోగమంతా చేసిన లెక్క అది. పుస్తకంలో దాన్ని టార్క్ అంటున్నారు, మేం మూమెంట్ అనేవాళ్లం. పుస్తకం మూసి, వాకిట్లో రెండు ఇటుకలు పెట్టి వాటి మీద చెక్క పలక వేశాను. పలక మీద నీళ్ల చెంబు పెట్టి, ఇటుకలు తీసేసి పిల్లను రెండు కొసల కింద రెండు చేతుల వేళ్లు పెట్టమన్నాను. చెంబు నడుమ ఉన్నప్పుడు రెండు చేతులకూ ఒకటే బరువు. చెంబును కుడి వైపుకు జరుపుతూ పోయాను. కుడి వేళ్లు ఎర్రబడ్డాయి, ఎడమ చెయ్యి తేలికైంది. బరువు మొత్తం తగ్గలేదు, పంపకం మారింది, అంతే.

తర్వాత కాగితం మీదికి వచ్చాం. దగ్గరి కొసను కదలని చోటు అనుకో. బరువు ఆ కొస నుంచి ఎంత దూరంలో ఉందో దాంతో బరువును గుణించు. అరవై ఒకట్ల అరవై. దూలాన్ని కిందికి తిప్పాలని చూసేది ఇది. దీన్ని ఆపాల్సింది దూరపు కొస. అది మూడు మీటర్ల దూరంలో ఉంది కాబట్టి ఇరవై కిలోలు ఎత్తిపడితే చాలు, ఇరవై మూళ్ల అరవై. రెండూ సరిపోయినయ్, దూలం కదలదు. మిగిలిన నలభై దగ్గరి కొస మీద.

పిల్ల రాసుకుంటూ రాసుకుంటూ ఆగింది. పలక వైపు చూసి, "తాతా, ఇది మా నాయనమ్మ గంజే కదా" అంది.

నిజానికి ఆ మాట నాకు రావాల్సింది. ఇద్దరు మనుషుల భుజాలు రెండు ఆధారాలు, మోత కర్ర దూలం, గంజు బరువు. గంజు నడుమ వేలాడాలని ఎవరన్నారు? నా భార్య వైపు జరిపితే వదినకు పది కిలోలే పడేలా చూడొచ్చు. ఇద్దరం అప్పుడే ఖాళీ గంజు తీసుకొని కిరాణా దుకాణం కాంటా దగ్గరికి పోయాం. గంజు ఆరు కిలోలు. అందులో పట్టే దాల్చా ఇరవై నాలుగు. మొత్తం ముప్పై.

పాత మోత కర్ర మీద భుజానికీ భుజానికీ మధ్య దూరం నూటయాభై సెంటీమీటర్లు. నా భార్య భుజం నుంచి యాభై దూరంలో గంజు కడితే వదినకు పది పడుతుంది. నేను గీత గీసి పెన్ను మూశాను.

"కర్రకు బరువు లేదా తాతా?" అంది పిల్ల.

ఉంది. నాలుగు కిలోలు. అది ఇద్దరికీ చెరి రెండు. అప్పుడు వదినకు గంజు వంతు ఎనిమిదే పడాలి, గంజు నలభై సెంటీమీటర్ల దూరానికి జరగాలి. కానీ మా గంజు వెడల్పు డెబ్బై. అంటే నడుమ నుంచి అంచు దాకా ముప్పై అయిదు. పొయ్యి మీంచి దింపిన గంజు నా భార్య ఒంటికి ఐదు సెంటీమీటర్ల దూరంలో ఊగుతుంది. అది కుదరదు. ఇంకా పొడుగు కర్ర కావాలి.

వడ్రంగి దుకాణంలో అలాంటి కర్ర దొరికింది. భుజాల మధ్య రెండు వందల సెంటీమీటర్లు, రెండు కొసలా జానెడు చొప్పున మిగులు, బరువు ఐదు కిలోలు. కర్ర వంతు రెండున్నర పోతే వదినకు గంజు వంతు ఏడున్నర ఉండాలి. ముప్పైని యాభైతో గుణించి రెండు వందలతో భాగిస్తే సరిగ్గా ఏడున్నర. వదినకు పది, నా భార్యకు ఇరవై అయిదు. ఒంటికీ గంజుకూ మధ్య పదిహేను సెంటీమీటర్ల ఖాళీ. ఇంత చక్కగా తెగిన లెక్క నాకు ఉద్యోగంలో కూడా ఎక్కువ సార్లు దొరకలేదు. యాభై దగ్గర తాడు జారకుండా ఒక గాటు పెట్టించాను. వదిన నా భార్యకంటే నాలుగు వేళ్లు పొట్టి, గాటు లేకపోతే తాడు మెల్లగా ఆమె వైపే జారుతుంది. గాటు ఉన్న కొసకు పిల్ల తన ఎర్ర రిబ్బను కట్టింది, అది నా భార్య కొస అని గుర్తు.

ఇరవై అయిదు అని విని నా భార్య నవ్వింది. ఆమెది నాగల్‌గిద్ద వైపు ఊరు, కంది చేన్లలో పెరిగిన మనిషి. కందికట్టె మోపు అంతకంటే ఎక్కువుంటది, గిదేం లెక్క అంది. వదినకు చెప్పాలా వద్దా అన్నదే మిగిలింది. చెప్తే ఒప్పుకోదని ముగ్గురం అనుకున్నాం. గంజు మీరిద్దరే మోయాలె, పాత కర్ర పగిలింది, అందుకే కొత్తది తెచ్చిన అని నేనే పోయి చెప్పాను. డైరీలో ఆ రోజు దాన్ని అబద్ధం అనే రాసుకున్నాను. వదిన ఆ సాయంత్రమే గడప దాటి బయటికి వచ్చి మసాలా నూరింది.

ఇక ఆదివారం. ఏటా పండుగ రోజు నేను పొద్దున్నే చర్చికి పోయి చాపలు, ఇస్తర్లు చూసుకుంటాను. గంజులు గేటు దాటి లోపలికి రావడమే చూశాను తప్ప, దారిలో ఎట్లా వస్తాయో ఒక్కసారి కూడా చూడలేదు. ఈసారి మాత్రం లెక్క కళ్లారా చూద్దామని, పిల్లతో కలిసి గంజు వెనకే నడిచాను.

వదిన ముందు, నా భార్య వెనక, రిబ్బను కొస నా భార్య భుజం మీద. కొత్త కర్ర కొంచెం కూడా వంగలేదు. పది అడుగులు వేశాక వదిన వెనక్కి తిరగకుండానే, ఈసారి పప్పు తక్కువ ఏసినరా ఏంది, గంజు తేలికున్నది అని అడిగింది. నీళ్లు ఎక్కువైనయ్ అక్కా అంది నా భార్య. నీళ్లకు మాత్రం బరువుండదా అని నాలో నేను నవ్వుకున్నాను. పిల్ల నా మోచేయి గిల్లింది.

సగం దారిలో మూతబడిన పిండి గిర్నీ ఉంది. దాని అరుగు మీద గంజు దించారు. చెమట తుడుచుకున్నారు, చెంబుతో నీళ్లు తాగారు. తర్వాత వదిన నడుచుకుంటూ వెనక్కి పోయింది, నా భార్య ముందుకు వచ్చింది. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పలేదు. ముప్పై ఏళ్లుగా వాళ్ల కాళ్లు అట్లాగే నడిచాయి. ముందు నడిచే మనిషికి ఎదురొచ్చేవాళ్లు కనబడతారు, పలకరిస్తారు. వెనక మనిషికి గంజు, ముందామె వీపు తప్ప ఏమీ కనబడదు. అందుకని సగం దారి ఒకరు, సగం దారి ఒకరు ముందు నడుస్తారు. ఇంత చిన్న సంగతి నాకు తెలియదు. తెలిసిన నా భార్య మరిచిపోయింది.

నేను నోరు తెరిచేలోగా ఇద్దరూ కర్ర ఎత్తారు. రిబ్బను ఇప్పుడు వదిన భుజం మీద ఉంది. ఆమె మోకాళ్లు సగం లేచి ఆగాయి. మెల్లగా, ఒక్క చుక్క ఒలకకుండా, గంజును మళ్లీ అరుగు మీదికి దించింది. నా భార్య వెనక్కి తిరిగి రిబ్బను చూసి నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

వదిన కర్రను చూసింది, గాటును చూసింది, నన్ను చూసింది.

"మరిదీ, కర్ర పగిలిందన్నవ్. పగిలిందా?"

"పగల్లేదు వదినా."

"మరి గిదేంది?"

పెద్ద పెద్ద ఇంజనీర్లకు లెక్కలు చెప్పినవాణ్ని, జేబులో టేపు తడుముకున్నాను. పిల్లే ముందుకొచ్చింది. చెప్పు మొనతో దుమ్ములో గీత గీసి, ఇది కర్ర, ఇది నువ్వు, ఇది చిన్న నాయనమ్మ అని మొత్తం చెప్పింది. నీకు పది, ఆమెకు ఇరవై అయిదు, ఇప్పుడు మారేసరికి నీకు ఇరవై అయిదు పడింది అంది. వదిన చివరి దాకా విని, నన్ను వదిలి నా భార్య వైపు తిరిగింది.

"ఇరవై అయిదు మోస్తున్నవా నువ్వు? నాకు చెప్పకుండ?"

"చెప్తే ఒప్పుకుంటవా అక్కా?"

"ఒప్పుకోను."

"అందుకే చెప్పలే."

వదిన అరుగు మీద కూచుంది. భుజం రుద్దుకుంటూ నన్ను అడిగింది, "మరిదీ, కల్వర్టు కట్టేటప్పుడు గోడను అడుగుతవా, నీ మీద ఎంత పెట్టాల్నని?"

"అడగం వదినా."

"మరి నేను గోడనా?"

తప్పు నాదే అన్నాను. అదొక్కటే చేతనైంది.

అప్పుడే బగారా అన్నం గంజు మోస్తూ పక్క గల్లీ కోడళ్లు ఇద్దరు వచ్చారు. మా గంజు ఆగి ఉండటం, వదిన భుజం రుద్దుకోవడం చూసి, ఇది అక్కడ దించి మళ్లీ వస్తం పెద్దమ్మా, నువ్వు లెవ్వకు, మేం తీసుకపోతం అన్నారు. వాళ్లు గనక తిరిగొచ్చి గంజు ఎత్తారా, ఈ ఏడే కాదు, ఇక ఎప్పటికీ వదినకు గరిటె లేదు. ఆ సంగతి ఆమెకు నాకంటే బాగా తెలుసు.

"మీ గంజు మీరు చూస్కోండ్రి" అంది వదిన. వాళ్లు నవ్వుకుంటూ పోయారు, కానీ తిరిగి రారని నమ్మకం లేదు.

అక్కణ్నుంచి నాకు తొందర పట్టుకుంది. ఇక మారడం వద్దు, వదినే చర్చి దాకా ముందు నడవాలి అన్నాను. వదిన ఒప్పుకోలేదు. ఇన్నేండ్ల సంది సగం తొవ్వ ఆమె ముందర నడిచింది, ఇయ్యాల ఇరవై అయిదు మోసుకుంట నా వెనక నడవాల్నా అంది. అయితే కర్రకు రెండో వైపు కూడా గాటు పెడదామన్నాను. టేపు తీసి రెండో కొస నుంచి యాభై సెంటీమీటర్లు కొలిచాను, మొదటిసారి జానెడు మిగులు తీసేయడం మరిచి, మళ్లీ కొలిచాను. కత్తి లేదు. పిల్ల చున్నీ ముడేస్తే తాడు ఆగుతుందా అని చూసింది, ఆగలేదు. ఒక రాయి తీసుకొని గీకడం మొదలుపెట్టాను. నా భార్య సాకు సాకు అంటోంది. ఆమె వైపు చాలు అనడానికి అదే మాట.

వదిన అరుగు మీంచి లేచి కర్ర మీద చెయ్యి వేసింది.

"మనుషులు మారినప్పుడు కర్ర గూడ మారాలె. తిప్పు కర్రను."

మొదట నాకు అర్థం కాలేదు. ఆమె చేత్తో గాలిలో అర్ధచక్రం గీసి చూపించింది. గంజు గుండ్రంగా ఉంది. ఎటు తిరిగినా దానికి ఒకటే. కర్రను గంజు మీదే తెడ్డు తిప్పినట్టు తిప్పితే రిబ్బను కొస ముందుకు వస్తుంది, దాంతో పాటే నా భార్య ముందుకు పోతుంది. గాటు అక్కర్లేదు, టేపు అక్కర్లేదు. నా జీవితంలో నేను చూసిన దూలాలన్నీ గోడల మీద కూచున్నవే. గోడలు తావు మారవు. అందుకే ఆధారాలు తావు మార్చుకున్నప్పుడు ఏం చేయాలన్న ప్రశ్న నా లెక్కలో ఎప్పుడూ రాలేదు.

నేనూ పిల్లా చెరో కొస పట్టుకొని కర్ర తిప్పాం. అర నిమిషం పని. నా భార్య ముందు నిలబడింది. వదిన వెనక చేరి, భుజం మీద కొంగు మడిచి వేసుకుంది.

"పదే మోస్త. డాక్టరు చెప్పిండు కాబట్టి మోస్త, నువ్వు లెక్క చేసినవని గాదు" అంది నాతో. తర్వాత ముందున్న ఆమెతో, "నీకు అలిసిపోతే చెప్పు. ఊకెనే మోయకు" అంది.

"చెప్త అక్కా."

నిజంగానే నా భార్య మధ్యలో ఒకసారి ఆగుదాం అంది. ఆగారు. బగారా అన్నం కోడళ్లు మాకు గేటు దగ్గర ఎదురొచ్చారు. అప్పటికి గంజు గేటు దాటింది.

వడ్డన దగ్గర ఎవరూ కుర్చీ మాట ఎత్తలేదు. వదిన ఎడమ చేత్తో గరిటె పట్టింది. మొదట కొంచెం తడబడింది, నాలుగో ఇస్తరి దాకా రాకముందే చెయ్యి అలవాటుపడింది. ఒక ముసలాయనకు అడగకుండానే రెండోసారి పోసింది. నా ఇస్తరి దగ్గరికి వచ్చినప్పుడు గరిటెను పైపైన ముంచి నీళ్లలాంటి దాల్చా పోసి పోయింది. బొక్క ముక్క ఒక్కటి పడలేదు. పక్కన కూచున్న పాస్టరు నా ఇస్తరి చూసి, ఏం తప్పు చేసినవ్ అని అడిగాడు. లెక్క తప్పిన అన్నాను.

మర్నాడు సోమవారం పొద్దున ఏడు గంటలకు నేను డైరీ రాస్తుండగా వదిన వచ్చింది. భుజం ఎట్లుందంటే, మొన్నటి లెక్కనే ఉంది, ఎక్కువ లేదు, తక్కువ లేదు అంది. ఆమె వెనక చిన్న దర్జీ దుకాణం గల్లీ పెద్దమ్మ ఒకామె, ఆమెతో గంజు మోసే జోడీ, వాళ్ల మోత కర్ర. ఆ పెద్దమ్మకు మోకాలు పట్టేసి రెండేళ్లయింది, తీపి గంజు మోయడం మానేసింది. వచ్చే నెల ఈస్టరుకు మళ్లీ మోస్తనంటోంది, నిన్న సగం దారిలో జరిగిన సంగతి ఊరంతా తెలిసిపోయింది.

నేను టేపు కోసం లేవబోయాను.

"కూసో" అంది వదిన. "కొలిచేది తర్వాత. ముందు ఆమెను అడుగు, ఎంత మోస్తదో."

మళ్లీ కూచుని ఆ పెద్దమ్మను అడిగాను. ఆమె మోకాలి మీద చెయ్యి వేసి, పక్కనున్న జోడీ ముఖం ఒకసారి చూసింది.

"పన్నెండు" అంది. "పండుగ దినం కాబట్టి పదమూడు రాస్కో."